ఇల్లు పాడవకుండా, చేజారకుండా చూసుకోవడం ఎలా: గోడ మీది బూజు నుంచి రుణ వాయిదాల దాకా

గోడ మూలన అరచేతి వెడల్పున నల్లటి మచ్చ కనబడితే చాలామంది మొదట దానిని తుడిచివేస్తారు. మళ్లీ వస్తే రంగు వేయిస్తారు. అప్పటికీ పోకపోతే దానికి అడ్డంగా బీరువా జరుపుతారు. ఇంటి రుణానికి ఒక వాయిదా తప్పినప్పుడు కూడా దాదాపు ఇలాగే జరుగుతుంది. వచ్చే నెల సర్దుకోవచ్చునని ఊరుకుంటారు, రుణదాత పంపిన ఉత్తరాన్ని విప్పకుండా పక్కన పెడతారు, ఫోను మోగితే ఎత్తరు. పైకి సంబంధం లేని ఈ రెండు కష్టాలూ ఇల్లు గలవారిని దెబ్బతీసే తీరు ఒక్కటే: కంటికి కనబడేది మచ్చ, కారణం మరోచోట ఉంటుంది, గడిచిన ప్రతి నెలా బాగుచేసుకునే ఖర్చును పెంచుతుంది. అందుచేత ఏ సమస్యకైనా ముందు మూలాన్ని వెతకడం ఎలాగో, ఆ తరువాతే దానిని సరిదిద్దడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను.

బూజు: తుడిచే ముందు తెలుసుకోవలసినవి

బూజు అనే మాటను మనం పైకప్పు నుంచి వేలాడే సాలెపట్టుకూ వాడతాం. ఇక్కడ చెబుతున్నది అది కాదు. చెమ్మ పట్టిన గోడ మీద, చెక్క మీద, దుస్తుల మీద నల్లగా, పచ్చగా, తెల్లగా మొలిచే శిలీంధ్రం, అంటే ఫంగస్. దాని బీజాలు ఇంటా బయటా గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటిని పూర్తిగా లేకుండా చేయడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ బీజం మొలకెత్తడానికి ఆహారం, వెచ్చదనం, నీరు కావాలి. ఆహారంగా దానికి రంగు పూత, కాగితం, చెక్క, చివరికి గోడ మీద పేరుకున్న దుమ్ము కూడా సరిపోతుంది. మనుషులు హాయిగా ఉండగలిగే వెచ్చదనమే దానికీ చాలు. కాబట్టి మన చేతిలో ఉన్నది నీరు ఒక్కటే. తడిసిన వస్తువు 24 నుంచి 48 గంటలలోపు పూర్తిగా ఆరిపోతే సాధారణంగా బూజు పట్టదు. పైపు పగిలినా, వాన నీరు లోపలికి వచ్చినా ఆ రెండు రోజులే విలువైనవి. పరుపులు, తివాచీలు, అల్మరాలో అడుగున ఉన్న పుస్తకాలు ముందు బయటకు తీయండి, తక్కిన పనులు తరువాత చూసుకోవచ్చు.

ఇది కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలోని చెమ్మ, బూజులపై ప్రత్యేకంగా మార్గదర్శకాలు ప్రచురించి, చెమ్మ ఉన్న ఇళ్లలో నివసించేవారికి దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం వంటి శ్వాస సమస్యలు ఎక్కువగా వస్తాయని పేర్కొంది. ఇంట్లో పసిపిల్లలో, వృద్ధులో, ఉబ్బసం ఉన్నవారో ఉంటే వారి మంచాన్ని ఆ గది నుంచి ఈ రోజే మార్చండి.

మొదటి అడుగు: నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో కనుక్కోవడం

గోడకు చెమ్మ పట్టడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. పైకప్పు నుంచో, పైపు నుంచో, స్నానాల గది నుంచో నీరు కారడం ఒకటి. నేలలోని తడిని పునాది మీదుగా గోడ పైకి పీల్చుకోవడం రెండవది. గదిలోని గాలిలో ఉన్న తేమ చల్లటి గోడను తాకి నీటి బిందువులుగా మారడం మూడవది. వీటికి మందు వేరువేరు కాబట్టి, ఏది మీ ఇంటిదో తేల్చుకోకుండా పెట్టే ఖర్చు వృథా అవుతుంది. మా ఇంట్లో ఒక గది మూలకు వరుసగా మూడేళ్లు రంగు వేయించాం. నాలుగో ఏడు డాబా ఎక్కి చూస్తే సరిగ్గా ఆ మూల మీదనే నీరు పోయే తూము ఆకులతో పూడుకుపోయి ఉంది. అరగంట పనికి మూడు సార్లు రంగు ఖర్చు పెట్టామన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మచ్చ ఉన్న చోటును, అది పెరిగే కాలాన్ని గమనించండి. వాన పడిన మర్నాడు ముదిరి, ఎండ కాసినప్పుడు తగ్గితే పైకప్పునో, బయటి గోడ పగుళ్లనో, కిటికీ చౌకట్టు చుట్టూ ఉన్న సందులనో అనుమానించాలి. వానతో పని లేకుండా ఏడాది పొడవునా ఒకేలా ఉంటే, ఆ గోడకు అవతల స్నానాల గదో, గోడ లోపల నీటి గొట్టమో ఉందేమో చూడాలి. నేల నుంచి మొదలై సుమారు ఒక మీటరు ఎత్తులోపు ఆగిపోయి, పై అంచున అల లాంటి గీతతో, తెల్లటి ఉప్పు పొడితో కనబడితే అది నేల నుంచి ఎగబాకిన చెమ్మ. ఆ తెల్లటి పొడిని బూజుగా పొరబడేవారు చాలామంది. కొన్ని నీటి చుక్కలు వేస్తే కరిగిపోయేది ఉప్పు, కరగకుండా తడిసి అంటుకునేది బూజు. ఇక గది మూలల్లో, బయటి గోడకు ఆనించిన బీరువా వెనుక, గాలి ఆడని అల్మరా లోపల మాత్రమే చుక్కలు చుక్కలుగా వస్తే అది గాలిలోని తేమ పని.

అప్పటికీ సందేహం తీరకపోతే ఒక తేలికైన పరీక్ష ఉంది. గోడను తుడిచి పైపైన ఆరనిచ్చి, ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు ఉన్న పలుచని అల్యూమినియం రేకును, అంటే వంటింట్లో వాడే ఫాయిల్‌ను, నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అంటించి, ఒకటి రెండు రోజులు అలాగే వదిలేయండి. రేకు మీద, అంటే గది వైపున నీటి బిందువులు కనబడితే తేమ గదిలోని గాలిది. ఊడదీసినప్పుడు రేకు వెనుక, గోడ వైపున తడి ఉంటే నీరు గోడలో నుంచి వస్తున్నది.

నీరు గోడలో నుంచే వస్తున్నదని తేలితే, మేస్త్రిని పిలవకముందే మీరు చేయగలిగినవి మరికొన్ని ఉన్నాయి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, నీటి మీటరు అంకె రాసుకుని, గంట రెండు గంటల పాటు ఎవరూ నీరు వాడకుండా ఉండి మళ్లీ చూడండి. అంకె కదిలితే ఎక్కడో పైపు కారుతున్నదని అర్థం. మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులో వంటకు వాడే రంగు కొన్ని చుక్కలు వేసి, అరగంట పాటు ఫ్లష్ చేయకుండా ఉంచితే, లోపలి రబ్బరు అరిగిపోయిన పక్షంలో ఆ రంగు కింది గిన్నెలోకి దిగుతుంది. చదునైన పైకప్పు మీద అనుమానం ఉంటే, తూమును గుడ్డతో మూసి రెండు అంగుళాలకు మించకుండా నీరు నిలబెట్టి, ఒక రోజు తరువాత కింది గదిలో చూడాలి. స్లాబు పాతదై, పెచ్చులు ఊడుతూ ఉంటే మాత్రం ఈ పరీక్ష ఇంజనీరు చెప్పకుండా చేయవద్దు, ఎందుకంటే నిలిచిన నీటి బరువు తక్కువేమీ కాదు.

రెండవ అడుగు: నీటిని ఆపడం

కారే పైపును ప్లంబరు సరిచేస్తాడు, టైల్స్ మధ్య ఊడిన సందులను మళ్లీ నింపించాలి, పైకప్పు వాలు నీటిని తూము వైపు నడిపించేలా చూడాలి. నేల నుంచి ఎగబాకే చెమ్మకు ఇంటి చుట్టూ ఉన్న మట్టి లోపలి నేల మట్టం కంటే దిగువన ఉండడం, వాన నీరు గోడకు దూరంగా వాలిపోవడం అవసరం; గోడ మొదట్లో పూలకుండీలు, చెట్ల పాదులు ఉంటే దూరంగా జరపండి. గోడ అడుగున ఉండవలసిన నీటి నిరోధక పొర అసలే లేకపోయినా, చెడిపోయినా దాని కోసం అనుభవజ్ఞులను పిలవక తప్పదు.

గాలిలోని తేమ విషయంలో మాత్రం కొంచెం ఆగి ఆలోచించాలి. వంట ఆవిరి, స్నానాల ఆవిరి, లోపల ఆరవేసిన బట్టలు, మన ఊపిరి కలిసి ఒక్క రోజులో లీటర్ల కొద్దీ నీటిని ఇంటి గాలిలోకి చేరుస్తాయి. వెచ్చటి గాలి ఎక్కువ తేమను పట్టి ఉంచుకోగలదు, చల్లబడగానే వదిలేస్తుంది. అందుకే ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే మూలనే మచ్చ ముందుగా వస్తుంది. తేమను కొలిచే చిన్న పరికరం, అంటే హైగ్రోమీటరు, కొని పెట్టుకోండి. సాపేక్ష తేమ, అంటే గాలి పట్టి ఉంచుకోగల తేమలో ఎంత వంతు ఉన్నదో చూపే అంకె, 60 శాతం దాటకుండా, వీలైతే 30 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూడాలన్నది నిపుణులు చెప్పే కొలత. స్నానం అయ్యాక ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను మరో ఇరవై ముప్పై నిమిషాలు నడవనివ్వండి. ఆ ఫ్యాను గాలిని ఇంటి బయటకే వదలాలి, అటక లోకి కాదు. బీరువాను గోడకు నాలుగు వేళ్ల దూరం జరపండి. ఏసీ ఉంటే దాని నీరు పోయే గొట్టం మూసుకుపోలేదని చూసుకోండి.

కిటికీలు తెరిచి పెట్టండి అన్న సలహాను అందరూ ఇస్తారు గానీ, అది అన్ని రోజులకూ సరిపోదు. బయట గాలి ఉక్కగా, తేమతో నిండి ఉన్నప్పుడు చల్లబరచిన గది కిటికీలు తెరిస్తే ఆ తేమంతా లోపలికి వచ్చి చల్లటి గోడల మీద నీరవుతుంది. బయటి గాలి పొడిగా ఉన్న వేళ చూసి తెరవండి. తక్కిన సమయంలో ఫ్యానుతో, గాలిలోని తేమను లాగేసే డీహ్యుమిడిఫయరుతో పని చేయించుకోండి.

మూడవ అడుగు: బూజును తొలగించడం

బూజు పట్టిన వైశాల్యం మొత్తం 10 చదరపు అడుగులకు లోపుంటే, అంటే సుమారు మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉంటే, ఆరోగ్యవంతులైన పెద్దవారు స్వయంగా శుభ్రం చేసుకోవచ్చునని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సూచిస్తుంది. అంతకు మించితే, లేదా మురుగు నీటితో తడిసిన చోట వస్తే, ఆ పని తెలిసినవారికి అప్పగించండి. ఉబ్బసం ఉన్నవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు చిన్న మచ్చనైనా తాకకూడదు.

ఎన్95 మాస్కు, చేతికి రబ్బరు తొడుగులు, గాలి రంధ్రాలు లేని కళ్లద్దాలు పెట్టుకుని, ఆ గది తలుపు మూసి, కిటికీ తెరిచి పని మొదలుపెట్టండి. పొడి చీపురుతోగానీ పొడి బ్రష్షుతోగానీ గీకవద్దు. బీజాలు ఇల్లంతా చెదురుతాయి. ముందుగా మచ్చను తడిపి, సబ్బు నీటితో రుద్ది, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డలను సంచిలో మూతి కట్టి పారవేయండి. గాజు, లోహం, టైల్స్, గట్టి చెక్క వంటివి ఇలా బాగుపడతాయి. తివాచీ, మెత్తలు, పైకప్పుకు అమర్చిన జిప్సం పలకల వంటివి బూజును లోలోపలికి పీల్చుకుంటాయి కాబట్టి, అవి ఎంత ఖరీదైనవైనా వదులుకోవడమే మంచిది.

బ్లీచింగ్ ద్రావణం గురించి ఒక మాట. అది రంగును తెల్లబరుస్తుంది కనుక పని అయిపోయినట్టు కనబడుతుంది గానీ, చచ్చిన బూజు కూడా అలర్జీ కలిగిస్తుంది. కాబట్టి దానిని చంపడం చాలదు, తీసివేయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, బ్లీచింగ్‌ను అమ్మోనియా ఉన్న ద్రావణాలతోగానీ, టాయిలెట్ శుభ్రం చేసే యాసిడ్‌తోగానీ, వెనిగర్‌తోగానీ ఎన్నడూ కలపకండి. క్లోరమైన్, క్లోరిన్ వంటి విష వాయువులు పుట్టి, మూసి ఉన్న స్నానాల గదిలో ప్రాణం మీదికి తెస్తాయి.

శుభ్రం చేశాక రంగు వేయడానికి తొందరపడవద్దు. గోడ లోపలి తడి ఆరడానికి వారాలు పట్టవచ్చు. రేకు పరీక్ష మళ్లీ చేసి, వెనుక వైపు పొడిగా ఉన్నప్పుడే రంగు వేయించండి. లేకపోతే అది పొరలు పొరలుగా లేచిపోతుంది, బూజును నిరోధించే రంగు అని డబ్బా మీద రాసి ఉన్నా సరే.

చెమ్మతో పాటు చూసుకోవలసిన మరి రెండు

తడి గోడలో స్విచ్ బోర్డు ఉంటే ముందు ఆ భాగానికి కరెంటు ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు తెగిపోయే రక్షణ స్విచ్ లేకపోతే పెట్టించుకోండి. ఈ ఖర్చును మాత్రం వాయిదా వేయకండి.

పగుళ్లలో వెంట్రుక మందాన ఉన్నవి చాలావరకు ప్లాస్టరింగ్ ఆరడం వల్ల వచ్చినవే. 5 మిల్లీమీటర్లు దాటినవి, కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయేవి, ఇటుకల వరుసల వెంట మెట్లు మెట్లుగా దిగేవి మాత్రం నిర్లక్ష్యం చేయరానివి. పగులు రెండు కొనల వద్ద పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి, వెడల్పు కొలిచి రాసుకోండి, నెలకొకసారి చూడండి. పెరుగుతూ ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపండి. స్లాబు అడుగున పెచ్చులు ఊడి తుప్పు పట్టిన ఇనుము కనబడితే నెలలు ఆగవద్దు: తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు స్థలం ఆక్రమించి కాంక్రీటును లోపలి నుంచి చీలుస్తుంది.

వాయిదా కట్టలేని పరిస్థితి వస్తే

ఉద్యోగం పోవడం, జబ్బు చేయడం, ఇంట్లో మరణం సంభవించడం, కొన్నిసార్లు ఇప్పటి దాకా చెప్పుకున్న మరమ్మతులే ఒక్కసారిగా మీద పడడం: కారణం ఏదైనా, ఇల్లు తాకట్టులో ఉన్నవారికి భయం ఒకటే. ఆ భయం సహజం, అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఇల్లు ఒక్క రోజులో పోదు. చాలా దేశాలలో చట్టం రుణగ్రస్తుడికి కొంత వ్యవధి ఇస్తుంది. భారతదేశంలో వాయిదా 90 రోజులకు మించి బకాయి పడితే ఆ ఖాతాను నిరర్థక ఆస్తిగా, అంటే వసూలు అనుమానమైన అప్పుగా లెక్కిస్తారు, కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలు రుణదాతలకు ఇచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద స్వాధీనానికి కదిలే ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. అమెరికాలో సాధారణంగా బకాయి 120 రోజులు దాటనిదే జప్తు ప్రక్రియను మొదలుపెట్టరాదని సమాఖ్య నిబంధన ఉంది. మీకు వర్తించే గడువులు ఏవో మీ రుణ ఒప్పందంలోనూ, వచ్చిన నోటీసులోనూ చూసుకుని క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. ఈ వ్యవధి మొదట్లో ఎన్నో దారులు తెరిచి ఉంటాయి, చివరికి వచ్చేసరికి ఒకటి రెండే మిగులుతాయి.

మొదట ఉత్తరాలన్నీ విప్పండి. మిగిలిన అసలు ఎంత, నెల వాయిదా ఎంత, ఎన్ని బకాయి పడ్డాయి, జరిమానాలు ఎంత చేర్చారు అన్నది ఒకే కాగితం మీద రాయండి. పక్కనే నెల రాబడి, తిండి, మందులు, బడి ఫీజులు, తక్కిన అప్పులు రాయండి. క్రెడిట్ కార్డు వంటి హామీ లేని అప్పు వసూలు చేసేవారు ఎక్కువగా ఫోన్లు చేస్తారు కాబట్టి చాలామంది వారికే ముందు కడతారు. అది పొరపాటు. ఇంటిని తీసుకోగలిగేది ఇంటి మీద అప్పు ఇచ్చినవారే, మొదటి చెల్లింపు వారికే వెళ్లాలి.

తరువాత, వీలైతే వాయిదా తప్పకముందే, రుణదాతను కలవండి. ఫోనుతో సరిపెట్టకుండా మీ పరిస్థితిని, దానికి ఆధారాలను, ఏ నెల నుంచి ఎంత కట్టగలరో లిఖితపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. మీరు అడగదగినవి ఇవి: కొన్ని నెలలు వాయిదాలను నిలిపివేయడం, కొంతకాలం వడ్డీ మాత్రమే తీసుకోవడం, బకాయిని అసలులో కలపడం, వడ్డీ రేటు తగ్గించడం, గడువు పెంచడం.

వీటిలో ఏదీ ఉచితం కాదని తెలిసి అడగాలి. 9 శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుతో తీసుకున్న ప్రతి లక్ష అప్పుకు నెల వాయిదా సుమారు 900. మొదటి నెలలో అందులో 750 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 150 మాత్రమే. అదే లక్షను 30 ఏళ్లకు మార్చితే వాయిదా సుమారు 805కు దిగుతుంది గానీ, మొత్తం కట్టేది 2,16,000 నుంచి దాదాపు 2,90,000కు పెరుగుతుంది. అయినా ఇల్లు పోయే పరిస్థితిలో నేను గడువు పెంపునే ఎంచుకోమంటాను, ఎందుకంటే రాబడి కోలుకున్నాక అసలును ముందుగా కట్టి ఆ గడువును మళ్లీ కుదించుకోవచ్చు. వాయిదాలు నిలిపిన నెలల్లో కూడా వడ్డీ పెరుగుతూనే ఉంటుందా, ముందస్తు చెల్లింపుకు రుసుము ఉంటుందా అన్న రెండు ప్రశ్నలూ తప్పక అడిగి, జవాబులను కాగితం మీదే తీసుకోండి. నోటి మాటను నమ్మి వాయిదా ఆపవద్దు.

నోటీసు వచ్చాక కూడా మౌనంగా ఉండకండి. ఖాతా వివరాల ప్రతిని అడిగి, జరిమానాలు ఒప్పందం ప్రకారమే వేశారా అని సరిచూసి, అభ్యంతరం ఉంటే గడువులోపు రాతపూర్వకంగా పంపండి. న్యాయవాదికి ఇచ్చే స్తోమత లేకపోతే ఉచిత న్యాయ సహాయం ఇచ్చే సంస్థలు చాలాచోట్ల ఉంటాయి.

లెక్క ఎన్ని విధాలుగా వేసినా కట్టలేమని తేలితే, వేలం దాకా రానివ్వకుండా మీరే అమ్ముకోవడం మేలు. వేలంలో ఇంటికి సాధారణంగా బజారు ధర పలకదు, దాని ఖర్చులు కూడా మీ ఖాతాలోనే చేరతాయి, వచ్చిన సొమ్ము చాలకపోతే మిగతా బాకీకి మిమ్మల్నే అడిగే వీలు చాలా దేశాలలో ఉంది. రుణదాతకు చెప్పి, మిగిలిన బాకీ లేఖ తీసుకుని, కొనేవాడి సొమ్ముతో ఆ బాకీ నేరుగా తీరేలా ఏర్పాటు చేసుకుంటే మిగిలినది మీ చేతికి వస్తుంది. ఆ ఇంటిని వదలడం ఎంత కష్టమో తెలిసే ఈ మాట చెబుతున్నాను.

ఈ దశలోనే మోసగాళ్లు తలుపు తడతారు. జప్తు ఆపిస్తామని ముందుగా రుసుము అడిగేవారిని, రుణదాతతో మాట్లాడవద్దనేవారిని, వాయిదా తమ ఖాతాకు పంపమనేవారిని, తాత్కాలికంగా ఇంటి హక్కు తమ పేరున రాయమనేవారిని దగ్గరకు రానివ్వకండి. పాత వాయిదా కట్టడానికి అధిక వడ్డీకి కొత్త అప్పు తీసుకోవడం కూడా ఇంతే ప్రమాదకరం.

ఒడంబడిక కుదిరితే కొత్త వాయిదాల మొదటి కొన్ని రసీదులను జాగ్రత్తగా సరిచూడండి, పాత లెక్క ప్రకారమే జరిమానా పడుతూ ఉండడం అరుదు కాదు. అప్పు పూర్తిగా తీరిన నాడు బాకీ లేదన్న పత్రం, మూల దస్తావేజులు తీసుకుని, తాకట్టు రద్దయినట్టు రిజిస్టరు పుస్తకాలలో నమోదు చేయించండి. ఆ కాగితాలను బయటి గోడకు ఆనిన అల్మరాలో కాక, లోపలి గోడ వైపు, నేలకు ఎత్తుగా, పొడి చోట భద్రపరచండి.